థాంగ్ అంటే చారా, కషాయమా? చలికాలపు చైనా మూలికల సూప్ వెనక లెక్క

నైరుతి చైనాలోని చెంగ్దూ నగరంలో చలి ఎలాంటిదో అక్కడికి వెళ్ళి ఉంటే గానీ నాకు తెలియలేదు. థర్మామీటర్‌లో చూస్తే ఆరేడు డిగ్రీలే. లంబసింగిలో ఇంతకంటే తక్కువే పడుతుంది కదా అనుకున్నాను. కానీ లంబసింగిలో పొద్దెక్కితే ఎండొస్తుంది. చెంగ్దూలో రోజుల తరబడి సూర్యుడి మొహం కనపడదు. గాలి నిండా తేమ. ఆరేసిన బట్టలు మూడు రోజులైనా చల్లగానే ఉంటాయి. ఇంట్లోనూ బయటా ఒకటే చలి. దీనికి వాతావరణం ఒక్కటే కారణం కాదు. చైనా మధ్యలో ఛిన్‌లింగ్ కొండల మీదుగా హువాయ్ నది వెంట ఒక గీత ఉందనుకోండి. 1950లలో ఆ గీతకి ఉత్తరాన ఉన్న ఊళ్ళకే ప్రభుత్వం ఇళ్ళను వెచ్చబరిచే ఏర్పాటు చేసింది. దక్షిణాన ఉన్నవాళ్ళకి లేదు. అందుకే బయట గడ్డ కట్టే చలి ఉన్న బీజింగ్‌లో జనం ఇంట్లో పలచటి చొక్కాతో తిరుగుతారు, చెంగ్దూలో మాత్రం భోజనానికి కూర్చున్నా కోటు విప్పరు. గోడల్లోంచి రాని వేడి గిన్నెలోంచి రావాల్సిందే.

మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. అందరూ ఆయీ అని పిలిచేవాళ్ళు. మనం తెలిసినావిడని పిన్నీ అన్నట్టే. డిసెంబరులో ఒక సాయంత్రం నా చేతులు పట్టుకుని చూసి, ఇంత చల్లగా ఉన్నాయేంటని కాగితం పొట్లంలో కొన్ని ఎండు మూలికలు ఇచ్చారు. మటన్‌లో వేసి ఉడికించుకోమన్నారు. ఎంత వేయాలో చెప్పారు గానీ, నాకు భాష అంతంతమాత్రం. మూలిక కదా, ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అనుకుని పొట్లం మొత్తం వేశాను. రెండు గంటల తర్వాత మూత తీస్తే రసం నల్లగా ఉంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంటే మొదట తీపి, వెంటనే చేదు, ఆ తర్వాత నాలుక మీద చిన్న మంట. మాంసం రుచి ఎక్కడా లేదు. ఆయీ వచ్చి రుచి చూసి నెమ్మదిగా అన్నారు, "అమ్మాయీ, ఇది తాగే థాంగ్ కాదు. మందు థాంగ్."

ఆ ఒక్క మాట పట్టుకుంటే ఈ సూప్ గురించిన గందరగోళంలో చాలా భాగం విడిపోతుంది.

చైనా భాషలో థాంగ్ అంటే సూప్. కషాయం కూడా థాంగే. పాత చైనా భాషలో ఆ మాటకి వేడినీళ్ళు అని అర్థం. వేడినీళ్ళలో మరిగించి దించినది వంటింట్లోదైనా, వైద్యుడి దగ్గరదైనా ఒకే పేరు. మనకి ఆ ఇబ్బంది లేదు. చారు వేరు, కషాయం వేరు. మిరియాల చారు గిన్నెడు తాగుతాం. కషాయం నీళ్ళు నాలుగో వంతో, ఎనిమిదో వంతో మిగిలేదాకా మరిగించి, చిన్న గ్లాసుతో ముక్కు మూసుకుని మింగుతాం. ఇంటర్నెట్‌లో చైనా వింటర్ సూప్ అని దొరికే వంటకాల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. ఒకరు రెండు మూలికలు వేయమంటారు, ఇంకొకరు పది. ఒకరు అరగంట అంటారు, ఇంకొకరు నాలుగు గంటలు. ఎవరిది చారో, ఎవరిది కషాయమో తెలియకపోతే ఏదీ అర్థం కాదు.

తేడా స్పష్టంగా చూడాలంటే వీటిలో బాగా పాతది ఒకటి తీసుకుందాం. డాంగ్‌గ్వే అనే ఎండు వేరు, పచ్చి అల్లం, మటన్. ఇవి మూడే. దీన్ని రాసినాయన జాంగ్ జోంగ్‌జింగ్, హాన్ వంశపు పాలన చివరి రోజుల వైద్యుడు. ఆయన కాలం ఇంచుమించు క్రీ.శ. 150 నుంచి 219 దాకా. స్వస్థలం ఇప్పటి హెనాన్ రాష్ట్రంలోని నాన్‌యాంగ్. ఆయన పేరు మీద మిగిలిన జిన్‌గ్వే యావ్‌లూయే అనే గ్రంథంలో ఈ థాంగ్ రెండు చోట్ల వస్తుంది. చలి వల్ల కడుపులో మెలిపెట్టే నొప్పికి ఒకచోట, ప్రసవం తర్వాత వచ్చే కడుపునొప్పికి ఇంకోచోట. బాలింతకి శొంఠి, పిప్పళ్ళు, మిరియాలతో కాయం చేసి పెట్టే మన ఇళ్ళలో ఈ రెండో సంగతి ఎవరికీ కొత్తగా అనిపించదు.

కొలతలు ఇవి. ల్యాంగ్, జిన్ అప్పటి బరువు కొలతలు, షెంగ్ నీళ్ళ కొలత. డాంగ్‌గ్వే మూడు ల్యాంగ్, అల్లం ఐదు ల్యాంగ్, మటన్ ఒక జిన్. ఎనిమిది షెంగ్‌ల నీళ్ళు పోసి మూడు షెంగ్‌లు మిగిలేదాకా కాచాలి. హాన్ కాలపు ల్యాంగ్‌ని ఇప్పటి లెక్కలో సుమారు 15 గ్రాములు అనుకుంటే డాంగ్‌గ్వే 45 గ్రాములు, అల్లం 75 గ్రాములు, మటన్ పావు కిలో. లీటరున్నర పైచిలుకు నీళ్ళు 600 మిల్లీలీటర్లకి దిగాలి. అందులోంచి రోగి ఒక్కడే రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి 140 మిల్లీలీటర్ల చొప్పున తాగాలి. అంటే ఒక మనిషి ఒంట్లోకి ఒక్క రోజులో 30 గ్రాముల డాంగ్‌గ్వే సారం వెళ్తోంది. ఇది కషాయమే. మాంసం ఉంది కదా అని సూప్ అనుకోకూడదు.

ఇదే థాంగ్‌ని ఇప్పుడు ఇళ్ళలో ఎలా వండుతారో చూడండి. అరకిలో మటన్‌కి డాంగ్‌గ్వే 8 నుంచి 10 గ్రాములు, నీళ్ళు రెండు లీటర్లు, తాగేది నలుగురు. మాంసంతో పోల్చి చూస్తే మూలిక తొమ్మిదో వంతుకి పడిపోయింది. తలా ఒక్కింటికి వచ్చేది రెండున్నర గ్రాములకి మించదు. పేరు ఒకటే, వస్తువులు ఒకటే, కానీ రెండూ వేరు వేరు పనులకి పుట్టినవి. నేను పొట్లం మొత్తం కుమ్మరించినప్పుడు తెలియకుండా పద్దెనిమిది వందల ఏళ్ళ వెనక్కి, రోగి మంచం దగ్గరికి వెళ్ళిపోయానన్నమాట.

ఆ గ్రంథంలో ఇంకో చిన్న వాక్యం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చలి ఎక్కువగా ఉంటే అల్లం ఒక జిన్‌కి పెంచమంటాడు ఆ వైద్యుడు. అంటే మూడింతలకి పైనే. డాంగ్‌గ్వే పెంచమనడు. నొప్పీ వాంతులూ ఎక్కువైతే నారింజ తొక్క చేర్చమంటాడు. అప్పుడూ డాంగ్‌గ్వే జోలికి పోడు. వెచ్చదనం ఎక్కువ కావాలంటే ఏది పెంచాలో ఆయన అప్పుడే చెప్పేశాడు. అది మన అల్లం.

ఇంతకీ వెచ్చబరచడం అంటే ఏమిటి? ఈ ఒక్క మాటలో మూడు వేరు వేరు సంగతులు కలిసి ఉన్నాయి.

మొదటిది నోటికీ కడుపుకీ తెలిసే వెచ్చదనం. అల్లంలో ఘాటుకి మూలం జింజెరాల్ అనే పదార్థం. వేడిని పసిగట్టడానికి మన నరాల కొసల్లో ఉండే గ్రాహకాలను ఇది తట్టి లేపుతుంది. నిప్పు తగిలితే ఏ గ్రాహకం పలుకుతుందో, మిరపకాయకీ అల్లానికీ అదే పలుకుతుంది. అల్లాన్ని ఎండబెట్టినా, ఎక్కువసేపు కాచినా జింజెరాల్‌లో కొంత భాగం షోగాల్‌గా మారుతుంది. దాని ఘాటు ఇంకా ఎక్కువ. శొంఠి పచ్చి అల్లం కంటే ఎందుకు మండుతుందో ఇప్పుడు తెలిసింది కదా. చైనా వైద్యంలోనూ పచ్చి అల్లాన్ని వెచ్చనిదిగా, ఎండు అల్లాన్ని వేడిదిగా విడదీస్తారు. మొదటిది చలిని ఒంటి పైనుంచి తోలేస్తుందనీ, రెండోది లోపల వెచ్చబరుస్తుందనీ అంటారు. శొంఠి లేని కషాయం లేదనే మన సామెత వాళ్ళకి చెబితే వెంటనే తలూపుతారు. దీనికి తోడు వేడి వేడి రసం, మాంసంలోని ప్రొటీన్. ప్రొటీన్ ఇచ్చే శక్తిలో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించుకోవడానికే ఖర్చవుతుంది, అదంతా వేడిగానే బయటికొస్తుంది. గిన్నె ఖాళీ అయ్యేసరికి చెవులు వెచ్చబడటంలో అల్లానికీ, మాంసానికీ, మరిగిన నీళ్ళకీ ఉన్న వాటాయే ఎక్కువని నేను నమ్ముతాను.

రెండోది స్వభావం. చైనా వైద్యంలో ప్రతి తిండికీ, ప్రతి మూలికకీ ఒక స్వభావం ఉంటుంది. శీతలం, చల్లన, వెచ్చన, వేడి. ఏదీ కాకపోతే సమం. ఇది తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. బొప్పాయి వేడి చేస్తుంది, సబ్జా చలవ చేస్తుంది అంటూ పెరిగినవాళ్ళమే. నోట్లో పుళ్ళు లేస్తే మనం వేడి చేసింది అంటాం, వాళ్ళు షాంగ్‌హువో అంటారు, అంటే నిప్పు పైకెక్కిందని. కానీ ఈ పోలిక చూసి రెండు లెక్కలూ ఒకటే అనుకుంటే పొరపాటు. చైనా లెక్కలో మటన్ గట్టిగా వేడి చేసే మాంసం. చలికాలానికి దాన్ని మించింది లేదంటారు. మన చరక సంహిత తెరిస్తే గొర్రె మాంసం మధురం, శీతం అని ఉంది. మేక మాంసం మరీ చల్లనిది కాదంటుంది. అదే మాంసం, రెండు గొప్ప సంప్రదాయాలు, రెండు తీర్పులు. కాబట్టి స్వభావం అంటే థర్మామీటర్‌తో కొలిచేది కాదు. ఏ ఊళ్ళో, ఏ ఒంటికి, దేనితో కలిపి తింటే ఎలా ఉంటుందో తరతరాలుగా చూసి రాసుకున్న పద్దు అది. చైనా పద్దు చైనా చలికి రాసుకున్నది. జనవరి మధ్యాహ్నం 30 డిగ్రీలు ఉండే విజయవాడలో దాన్ని ఉన్నదున్నట్టు దింపుకుంటే నోట్లో పుళ్ళు వచ్చినా రావచ్చు.

మూడోది బు, అంటే నీరసించిన ఒంటికి బలం కూర్చడం. డాంగ్‌గ్వే, హువాంగ్‌ఛీ, డాంగ్‌షెన్ లాంటి వేళ్ళు ఈ లెక్కలో వస్తాయి. డాంగ్‌గ్వే రక్తానికనీ, మిగతా రెండూ ప్రాణశక్తికనీ అంటారు. చలికాలం దాచుకునే కాలం, అప్పుడు కూర్చిన బలం వసంతానికి పనికొస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకే డిసెంబరు 21, 22 తేదీల్లో వచ్చే దోంగ్‌జి నాడు, అంటే ఏడాదిలో పగలు అన్నిటికంటే చిన్నదైన రోజున, చెంగ్దూ మటన్ సూప్ హోటళ్ళ ముందు జనం బారులు తీరతారు. ఆ రోజు నుంచి తొమ్మిది తొమ్మిదులు, మొత్తం 81 రోజులు లెక్కపెడతారు. మూడో తొమ్మిదిలో చలి ముదురుతుంది.

అయితే బలానికి ఒక గట్టి నియమం ఉంది. జలుబూ జ్వరమూ ఉన్నప్పుడు ఈ థాంగ్ తాగకూడదు. ఇంట్లో దొంగ ఉండగా తలుపు మూసినట్టే అంటారు వాళ్ళు. లంఖణం పరమౌషధం అన్న మన పెద్దలు ఇంకో దారిలో అక్కడికే చేరారు. జలుబు చేసింది, చైనా సూప్ పెట్టుకుందాం అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఆ రోజుకి అల్లం, మిరియాలు వేసిన పలచటి చారు చాలు.

ఇక వంటింట్లోకి వెళ్దాం. ముందు ఒక డాంగ్‌గ్వే ముక్కని చేతిలోకి తీసుకోండి. అరచేతిలో పట్టేంత పలచటి బిళ్ళ, మీగడ రంగు, అంచు వెంట గోధుమరంగు చార. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నూనె మరకల్లాంటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. వాసన చూస్తే సోంపు, తడిమట్టి, దూరంగా వాము. ఆ వాసన ఊరికే గుర్తు రాలేదు. డాంగ్‌గ్వే మొక్క కొత్తిమీర, జీలకర్ర, సోంపు, వాముల కుటుంబానిదే. గాన్సు రాష్ట్రంలోని మిన్‌షియాన్ చలి కొండల్లో పండేదానికి పేరెక్కువ. ముక్క మరీ తెల్లగా ఉండి, పుల్లటి ఘాటు ముక్కుకి తగిలితే అది గంధకం పొగ పట్టించిన సరుకేమోనని అనుమానించాలి. అలాంటిది కొనకండి. మిగతా వాటిలో హువాంగ్‌ఛీ మన కంది, శనగల కుటుంబపు వేరు. నమిలితే పచ్చి బఠాణీ తీపి తగులుతుంది. ఎర్రటి ఎండు పళ్ళు మన రేగు జాతివే. గోజీ పళ్ళు వంకాయ, టమాటాల చుట్టాలు. పేర్లు కొత్తవి గానీ చాలావరకు మనకి తెలిసిన కుటుంబాలే.

నలుగురికి అరకిలో మటన్, ఎముకలతో. చైనా భాషలో యాంగ్ అంటే గొర్రె, మేక రెండూ. కాబట్టి ఏదైనా పరవాలేదు, పొట్టేలు మాంసమైతే కొవ్వు ఉండి ఇంకా బాగుంటుంది. ముక్కలని చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరుగుతున్న నీళ్ళలో వేస్తే పైపొర బిగుసుకుని లోపలి నెత్తురు లోపలే ఉండిపోతుందంటారు. నీళ్ళు తెర్లగానే బూడిదరంగు నురుగు పైకి తేలుతుంది. రెండు మూడు నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, ముక్కలని గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. మన ఇళ్ళలో ఈ పద్ధతి లేదు. మనం పసుపుతో కడిగి, మసాలాతో నీచు వాసన అణిచేస్తాం. ఇక్కడ మసాలా లేదు కాబట్టి ఈ పని మానేస్తే సూప్ మొత్తం నీచు కొడుతుంది.

తర్వాత మట్టి పాత్రలోకి మార్చండి. మట్టిది లేకపోతే స్టీలు గిన్నె. ఇనప మూకుడు మాత్రం వద్దు, మూలికల్లోని వగరు ఇనుముతో కలిసి రంగు నల్లబడుతుంది. రెండు లీటర్ల నీళ్ళు, చితక్కొట్టిన అల్లం 50 గ్రాములు, కడిగిన డాంగ్‌గ్వే మూడు నాలుగు బిళ్ళలు, గింజ తీసిన ఎర్ర పళ్ళు ఐదారు. గింజతో వేస్తే వేడి ఎక్కువ చేస్తుందని అక్కడి వాళ్ళ మాట. మొదటిసారి చేసేవాళ్ళు డాంగ్‌గ్వే 5 గ్రాములతో మొదలుపెట్టండి. ఆ వాసన అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. ఒక పొంగు రానిచ్చి మంట బాగా తగ్గించాలి. పైన ఎక్కడో ఒకచోట బుడగ లేచి చితకాలి, అంతే. కుతకుతలాడితే రసం తెల్లగా చిక్కబడుతుంది, కొవ్వు కలిసిపోతుంది. గంటన్నర నుంచి రెండు గంటలు. మధ్యలో నీళ్ళు తగ్గితే మరిగిన నీళ్ళే పోయాలి.

గంటన్నర దాటాక ముల్లంగి ముక్కలు వేస్తే నాకు ఇష్టం. చైనా లెక్కలో మటన్ వేడికి ముల్లంగి చల్లదనం సరిపోతుంది, నాలుకకి మటన్ కొవ్వు మొహం మొత్తకుండా ఉంటుంది. బలానికి వాడే జిన్సెంగ్ వేరు వేసిన సూప్‌లో మాత్రం ముల్లంగి వేయరు, దాని బలాన్ని విరిచేస్తుందని. గోజీ ఒక చెంచాడు చివరి పది నిమిషాల్లో. ముందే వేస్తే పుల్లబడి పగిలిపోతాయి. ఉప్పు దించేటప్పుడే, కొంచెం తెల్ల మిరియాల పొడితో. కారం వేయాలని చెయ్యి లాగుతుంది. ముక్కలని విడిగా తీసి మిరపపచ్చడిలో అద్దుకుని తినండి. చెంగ్దూ వాళ్ళు చేసేదీ అదే. రసాన్ని మాత్రం తేటగా వదిలేయండి.

ఎవరు తాగకూడదో కూడా అంతే సూటిగా చెప్పాలి. గుండె జబ్బుకి వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళకి డాంగ్‌గ్వే మంచిది కాదు, ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తేవచ్చు. గోజీతో కూడా ఇలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. గర్భిణులు, నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవాళ్ళు డాంగ్‌గ్వే మానేయాలి. ఆ థాంగ్‌ని బాలింతలకి కూడా రాశారు కదా అంటే, నాడి చూసి రాసిచ్చే వైద్యుడు పక్కన ఉన్నప్పటి మాట అది. రెడీమేడ్ సూప్ ప్యాకెట్లలో అతిమధురం ఉంటే బీపీ ఉన్నవాళ్ళు పక్కన పెట్టాలి, అది బీపీ పెంచుతుంది. గంటల తరబడి ఉడికిన మాంసం రసంలో, ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు దిగుతాయి కాబట్టి, ఆ ఆమ్లం కీళ్ళలో పేరుకునే గౌట్ జబ్బు ఉన్నవాళ్ళకి అసలు వద్దు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఫూజి. చలిని పారదోలడంలో దీన్ని మించింది లేదని చైనా వైద్యం చెబుతుంది, కొన్నిచోట్ల మటన్‌లో వేసి వండుతారు కూడా. ఇది మన వసనాభి జాతి మొక్క దుంప. ఇందులోని అకొనిటిన్ గుండె లయని తప్పిస్తుంది. శుద్ధి చేసి, గంటల కొద్దీ ఉడికిస్తే విషం తగ్గుతుంది, కానీ ఎంత తగ్గిందో రుచి చూసి చెప్పలేం. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. పెదాలు, నాలుక మొద్దుబారడం మొదటి గుర్తు. ఎవరు ఎంత మెచ్చుకున్నా ఇంట్లో దీని జోలికి పోకండి.

మూలిక దొరక్కపోతే దాని బదులు అలాగే ఉండే ఇంకో వేరు వేయడం కూడా అంతే ప్రమాదం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే క్లినిక్‌లో ఒక చైనా మూలిక స్థానంలో పేరు దగ్గరగా ఉన్న ఇంకోటి మందులోకి వచ్చింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం వల్ల వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. సింగపూర్, మలేషియాల్లో ఉన్న మనవాళ్ళకి ఇంటి దగ్గరే చైనా మందుల షాపులుంటాయి. అక్కడ అడిగి, పేరు రాయించుకుని కొనుక్కోవచ్చు. మన ఊళ్ళలో డాంగ్‌గ్వే దొరక్కపోతే మానేయండి. అల్లం, మటన్, ముల్లంగి, మిరియాలతో చేసినా అది చలికాలపు థాంగే, పైగా అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు.

వారానికి ఒకసారి చాలు. నాలుగు రోజులు వరసగా తాగి గొంతు ఎండుతుంటే, నోరు పొక్కితే ఆపేయాలి. ఇంకో సంగతి ఆయీ రెండోసారి నా పక్కన నిలబడి చేయించినప్పుడు చూపించారు. అందరం తిన్నాక సగం గిన్నె మిగిలింది. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టబోతుంటే ఆపి, చాప్‌స్టిక్స్‌తో డాంగ్‌గ్వే బిళ్ళలని ఒక్కొక్కటే వెతికి బయటికి తీశారు. రసంలో రాత్రంతా ఉంచితే అవి దిగుతూనే ఉంటాయట. మర్నాడు పొద్దున్న పైన తెల్లగా పేరుకున్న కొవ్వు తీసేసి, మిగిలిన రసాన్ని మరిగించి అందులో నూడుల్స్ ఉడకబెట్టుకున్నాం. కిటికీ అద్దాలన్నీ ఆవిరితో మసకబారాయి.